రెండంగుళాల బలం

ఆ ఉదయానికి దర్జీ మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గుడ్డు, ఏడున్నరకు కుర్చీ, ఎనిమిదింటికి పాలు, ఎనిమిదిన్నరకు దుకాణం తలుపులు. గుడ్డు అంటే భార్య చేత గుడ్డు తినిపించడం. కుర్చీ అంటే చేతులు ఆనించకుండా ఆవిడ చేత కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చునేటట్టు చేయడం. పాలు అంటే డబ్బాలో పొడి మూడు చెంచాలు కలిపిన పాలు. ఇందులో ఏ ఒక్కటీ సజావుగా జరగదని అతనికి తెలుసు. అయినా రోజూ పథకం వేస్తాడు. గుడ్డ కత్తిరించేవాడికి ముందు గీత గీసుకోకపోతే చెయ్యి ఆడదు.

భార్యను వీధిలో అందరూ సూదమ్మ అంటారు. కుట్టుపని చేస్తుందని పెట్టిన పేరు కాదు, ఆకారం చూసి పెట్టింది. జబ్బు రాకముందే ఆవిడ ఒంట్లో తీసేయడానికి ఏమీ లేదు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ అని తేలింది. మూడు వారాలకొకసారి మందు ఎక్కిస్తున్నారు. మొత్తం ఆరు విడతలు, రెండు అయ్యాయి. ఆ రెండింటికే నలభై ఒక్క కిలోల మనిషి ముప్పై తొమ్మిదిన్నరకు దిగింది.

చాలా చోట్ల 'బలమైన తిండి పెట్టండి' అని ఒక ముక్క విసిరి పంపేస్తారు. నోరంతా ఇనుప రుచి, గొంతులో పుండ్లు ఉన్న మనిషికి ఆ బలమైన తిండి ఏ దారిన దిగాలో చెప్పరు. సూదమ్మకు మందు ఎక్కించే ఆసుపత్రిలో తిండి సంగతి చూసే డాక్టరమ్మ అలాంటిది కాదు. అరగంట కూర్చోబెట్టి చెప్పింది. మూడు పూటలు కాదు, ఆరుసార్లు కొద్దికొద్దిగా. ప్రతిదాంట్లో చెంచాడు వెన్న. ఇనుప చెంచా వద్దు, చెక్క చెంచా. కుర్చీ కసరత్తు రోజుకు రెండుసార్లు, తినే తిండి కండకు పట్టాలంటే కండకు పని ఉండాలి. చివరికి కాగితం మీద ముప్పై ఎనిమిది అని రాసి చుట్టూ గీత గీసింది. అంతకంటే దిగితే మూడో మందు వాయిదా, ముక్కులోంచి గొట్టం.

"మందు వాయిదా వేస్తాం సరే, జబ్బు వాయిదా వేసుకోదు కదా" అంది.

ఆ మాట మాస్టరు చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. కత్తెర ఆడించినా అదే వినిపించేది.

మొదట ఇంట్లోకి బరువు చూసుకునే మిషను కొన్నారు. అదే పొరపాటు. డాక్టరమ్మ వారానికొకసారి చూసుకోమంటే సూదమ్మ రోజుకు నాలుగుసార్లు ఎక్కింది. వంద గ్రాములు తగ్గితే చెక్క చెంచా కింద పెట్టేసేది. చెంచా కింద పెట్టినందుకు ఇంకో వంద తగ్గేది. నాలుగు రోజులు చూసి మాస్టరు ఆ మిషనును తీసుకెళ్ళి పక్క వీధిలో ఉన్న అక్కకు ఇచ్చేశాడు.

ఈ అక్కగారి సంగతి చెప్పాలి. ఆవిడ లావు తగ్గే పనిలో ఉంది. ఏడేళ్ళుగా ఉంది. ఉదయం నిమ్మనీళ్ళు తాగుతుంది, మధ్యాహ్నం అందరికీ సలహాలు చెబుతుంది. వారానికొకసారి దుకాణానికి వచ్చి మరదలి చేత నడుం కొలిపించుకుని, తగ్గలేదని తెలిశాక రోగికి పథ్యం బోధిస్తుంది. జబ్బును మాడ్చి చంపాలట, వెన్నా గుడ్డూ పెడితే గడ్డకు పెట్టినట్టేనట. ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరని అడిగితే ఆవిడకూ తెలియదు. ఇలాంటి మాటలు మోసుకొచ్చేవాళ్ళు రోగి మంచం దగ్గర కూర్చుని రోగి చేతిలో అన్నం లాక్కుంటున్నారు, అంతకంటే మర్యాదగా చెప్పడం కుదరదు. మాస్టరు ఒకసారి గట్టిగానే అన్నాడు.

"అక్కా, నీకు పనికొచ్చే తిండి దానికి పనికిరాదు. మీ ఇద్దరి మధ్యా నలభై ఐదు కిలోల తేడా ఉంది."

అక్క రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నడుం కొలిపించుకోవడానికి వచ్చింది.

మిషను పోయాక సూదమ్మ టేపు పట్టుకుంది. ఆవిడకు ఇరవై ఏళ్ళ నాటి పసుపు టేపు ఒకటుంది. బొటనవేలు రాపిడికి మొదటి అయిదు అంకెలూ ఎప్పుడో చెరిగిపోయాయి, చివర ఇత్తడి తొడుగు మాత్రం మెరుస్తూ ఉంటుంది. పొద్దున్నే దాంతో నడుం కొలుచుకుని, బీరువా తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఇరవై నాలుగు అంగుళాలు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఇరవై మూడు ముప్పావు. ఆవిడ ఆ అంకె రాసి, గుడ్డు ఉన్న పళ్ళెం పక్కకు జరిపింది.

"ఇంక నావల్ల కాదండీ. దారం లేని సూదితో కుడుతున్నట్టుంది. పొడుస్తున్నాను, లాగుతున్నాను, అక్కడ ఏమీ ఉండటం లేదు."

ఆ రోజు ఆవిడ సగం గ్లాసు పాలు తప్ప ఏమీ తాగలేదు. మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు మాస్టరు టేపు తీసుకుని, ఇత్తడి తొడుగు ఊడదీసి, మొదట్లో ఒక అంగుళం కత్తిరించి, తొడుగు మళ్ళీ బిగించి, ఊడిపోకుండా దారంతో ముడివేశాడు. ముప్పై ఏళ్ళ వృత్తిలో అతను చేసిన మొదటి దొంగపని అది. కత్తిరింపు మాత్రం తిన్నగా వచ్చింది.

సూదమ్మ కొలుచుకుంది. ఇరవై నాలుగు ముప్పావు. మళ్ళీ కొలుచుకుంది. భర్తను పిలిచి కొలవమంది. అతను టేపు పట్టుకుని, అవును, ముప్పావే, డబ్బాలో పొడి పనిచేస్తున్నట్టుంది అన్నాడు. ఆవిడ గుడ్డు మొత్తం తినేసింది. తిని ఇంకో సగం ఉందా అని అడిగింది. ఇస్త్రీ పెట్టెను చేత్తో పట్టుకుని చిన్నగా పైకీ కిందికీ ఎత్తడం కూడా తనంతట తానే మొదలుపెట్టింది. మాస్టరు లోపలి గదిలోకి వెళ్ళి గుడ్డల బీరువాకు మొహం ఆనించి కాసేపు నిలబడ్డాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ టేపు మీద కూడా అంకె దిగడం మొదలైంది. మాస్టరు ఇంకో అంగుళం కత్తిరించాడు. ఒకసారి కత్తెర పెట్టినవాడికి రెండోసారి పెద్ద ఆలోచన అక్కరలేదు.

అయితే అతను ఒక సంగతి మరిచిపోయాడు. మందు వల్ల సూదమ్మకు వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. కుట్టుమిషను మీద కూర్చోలేక ఆవిడ దుకాణం ముందుగదిలో కూర్చుని వచ్చిన ఆడవాళ్ళ కొలతలు తీసి పుస్తకంలో రాస్తోంది. ఏ టేపుతో తీస్తోందో వేరే చెప్పాలా. మాస్టరు లోపల తన సొంత టేపుతో ఆ అంకెల ప్రకారం కత్తిరిస్తున్నాడు. ఆవిడ కొలత కత్తిరించిన టేపుది, అతని గీత నిఖార్సయిన టేపుది. దుకాణంలోంచి బయటికి పోయే ప్రతి గుడ్డా ముందు ఒక అంగుళం, ఆ తర్వాత రెండంగుళాలు పెద్దదై పోతోంది.

మొదట బడి టీచరు వచ్చింది. కొత్త గౌను తొడుక్కుని, నడుం దగ్గర పిడికెడు గుడ్డ పట్టుకుని నిలబడింది. మాస్టరుకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ముందుగదిలో సూదమ్మ వింటోంది. నోటికొచ్చింది అనేశాడు.

"మీరు తగ్గారండీ, టీచరుగారూ."

టీచరు మొహం పాలిపోయింది. తను ఏమీ చేయకుండానే తగ్గిందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా అని, ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి పరీక్షలకు వెళ్ళింది. మర్నాడు రొట్టెల కొట్టావిడ వచ్చింది. ఆవిడకూ అదే మాట చెప్పాడు. ఆవిడ మాత్రం ఎగిరి గంతేసినంత పనిచేసింది. ఆ సంతోషంలో రోజూ సాయంత్రం వెన్న రాసిన వేడి రొట్టె సూదమ్మకు పంపడం మొదలుపెట్టింది. సూదమ్మ దాన్ని పాలల్లో నానబెట్టుకుని తినేది. మాస్టరు చేసిన పాపాల్లో బాగుపడిన పాపం ఆ ఒక్కటే.

అప్పటి నుంచి అతను పుస్తకంలో అంకె చూసి, మనసులో తీసివేసి, గుడ్డ మీద గీసేవాడు. రెండో కత్తిరింపుకు ముందు రాసిన కొలతలకు ఒకటి తీసేయాలి, తర్వాత రాసినవాటికి రెండు. ఏది ముందు, ఏది తర్వాత? సూదమ్మ పుస్తకంలో తేదీలు వేయదు. అతను రోజంతా పెదాలు కదుపుతూ, తలకాయ ఊపుతూ, ముప్పై ఆరులో ఒకటా రెండా అని గొణుక్కుంటూ తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుంటే ఏదో ఒక గౌను గుర్తొచ్చి లేచిపోయేవాడు. తన పాంటు కూడా జారిపోతుంటే, ఇదీ ఆ టేపు పుణ్యమే అనుకుని అంచుగుడ్డ ముక్కతో బిగించి కట్టుకున్నాడు.

నాలుగు రోజులకు టీచరు కాగితాల కట్టతో తిరిగి వచ్చింది. మూడు సీసాల రక్తం తీశారని, ఒక ఫోటో తీశారని, అన్నీ బాగున్నాయని, బరువు గ్రాము కూడా తగ్గలేదని చెప్పింది. ఆవిడ మర్యాదస్తురాలు, గొంతు పెంచలేదు. కొలతే తప్పు పోయి ఉంటుంది లెండి, మీ ఆరోగ్యం అలా ఉంది కదా అని సూదమ్మ భుజం తట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సూదమ్మ చాలాసేపు తన వేళ్ళ చివర్లు చూసుకుంటూ కూర్చుంది.

"ఇరవై ఏళ్ళలో ఒక్క కొలత తప్పలేదండీ" అంది చివరికి. "ఒళ్ళు పోతే పోయింది. ఇప్పుడు చెయ్యి కూడా పోయిందన్నమాట."

ఆ సాయంత్రం వెన్నరొట్టె ఎండిపోయింది. పాల మీద మీగడ కట్టింది. మాస్టరు ఆ గ్లాసు చూస్తూ కూర్చున్నాడు. నిజం చెబితే బీరువా తలుపు మీద రాసుకున్న అంకెలన్నీ అబద్ధాలైపోతాయి, వాటితోపాటు ఆవిడ ఆకలీ పోతుంది. చెప్పకపోతే తన చెయ్యి పోయిందనుకుంటుంది, ఆకలి ఎలాగూ పోయింది. మూడో మందుకు ఇంకా అయిదు రోజులు. అతను మధ్యలో ఇంకో దారి తొక్కాడు. తప్పు నీది కాదు, కత్తిరించింది నేను, ఈ మధ్య నాకే మతి నిలవడం లేదు అన్నాడు.

ఆవిడ అతన్ని పరీక్షగా చూసింది. పెదాలు కదపడం, తలకాయ ఊపడం, అంచుగుడ్డతో కట్టిన పాంటు, అన్నీ ఆవిడ ముందే గమనించి ఉంది. పాలు తీసుకుని మీగడతో సహా తాగేసింది. ఇంట్లో ఒకరైనా నిలబడాలి కదా అనుకుని తాగింది. ఆ తర్వాత ఆడపడుచుకు కబురు పెట్టింది.

అక్కడే మాస్టరు పూర్తిగా ఇరుక్కున్నాడు. మూడు రోజుల కిందట రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు సూదమ్మ ఖాళీగా కూర్చోలేక ఆసుపత్రిలో పద్దెనిమిది మంది నర్సులకు కోట్ల కొలతలు తీసుకొచ్చింది. పెద్దనర్సు ఇచ్చిన పని అది. మందు రోజు నాటికి అందివ్వాలి. కొలతలన్నీ రెండంగుళాల అబద్ధంతో ఉన్నవే. ఇప్పుడు సూదమ్మ ఆడపడుచును స్టూలు వేసి లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఆయనకు మతి నిలవడం లేదు వదినా, నా పుస్తకంలో అంకె చదివి, ఆయన గీసిన గీత సరిచూడండి అని ఒప్పజెప్పింది. అక్కగారికి ఏడేళ్ళలో ఇంత నచ్చిన పని దొరకలేదు.

"ఛాతీ ముప్పై ఎనిమిది అని రాసుంది. ముప్పై ఆరు గీశావేంట్రా?"

"అలవాటక్కా."

"అలవాటుగా తప్పు చేస్తావా? చెరుపు."

చెరిపాడు. అక్కతో నిజం చెప్పుకుందామా అని ఒకసారి అనిపించింది. కానీ ఆవిడ చెవిలో పడిన మాట రొట్టెల కొట్టు దాకా వెళ్ళడానికి పాలు పొంగినంత సేపు కూడా పట్టదు, అక్కడి నుంచి తిరిగి ముందుగదిలోకి రావడానికి ఇంకా తక్కువ. నోరు మూసుకుని పద్దెనిమిది కోట్లూ తప్పుగా, చాలా జాగ్రత్తగా, గీత తప్పకుండా కత్తిరించాడు. మందు రోజు తెల్లవారుజామునే లేచి విప్పి బిగించబోతే నాలుగు కోట్లు అయ్యేసరికి సూదమ్మ లేచింది. మిగిలిన పద్నాలుగూ అలాగే సంచిలోకి వెళ్ళాయి.

ఆసుపత్రి హాలులో వరసగా బల్లలు, చివర గోడకు ఎత్తు కొలిచే పొడుగాటి బద్ద, దాని పక్కనే బరువు మిషను. వచ్చినప్పటి నుంచి మాస్టరు ఆ మిషను వైపే చూస్తున్నాడు. ముప్పై ఎనిమిది. ఆ ఒక్క అంకె కోసం ఇన్ని అంకెలు పాడుచేశాడు. అక్కగారు కూడా వచ్చింది, తను సరిచూసిన పని ఎలా ఉందో కళ్ళారా చూడాలని.

కోట్లు తొడుక్కున్న నర్సులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నలుగురు తప్ప అందరూ అన్నల చొక్కాలు తొడుక్కున్న చెల్లెళ్ళలా ఉన్నారు. పెద్దనర్సు కోటు చేతులు వేళ్ళ చివరి దాకా వచ్చి వేలాడుతున్నాయి. ఆవిడ వాటిని పైకి మడిచి, నవ్వాలో కోప్పడాలో తేలక సూదమ్మ ముందు నిలబడింది. ఒంట్లో బాగాలేనప్పుడు నీకు ఈ పని పెట్టడం మాదే పొరపాటు అంది.

సూదమ్మ లేచింది. కుర్చీ చేతులు పట్టుకోకుండా, ఒక్క ఊపున. రెండు వారాల కిందట అలా లేవలేకపోయేది. ఆ సంగతి మాస్టరు ఒక్కడే చూశాడు.

"నా కొలత తప్పు కాదు" అని సంచిలోంచి టేపు తీసి పెద్దనర్సు ఛాతీ కొలిచింది. ముప్పై ఎనిమిది. పుస్తకంలోనూ ముప్పై ఎనిమిది. కోటు కొలిచింది. నలభై. అందరూ కత్తెర పట్టిన మనిషి వైపు తిరిగారు. మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు తన నెత్తిన పడితే అంతా సర్దుకుంటుంది. అవునండీ, నాకే మతి లేదు అనబోయాడు.

"అదేం కాదు" అంది అక్క. "నేను పక్కన కూర్చుని చూశాను. ముప్పై ఎనిమిదే కత్తిరించాడు. మా వాడు మతిలేనివాడే గానీ నేను కాదు."

అక్క ఏడేళ్ళలో చెప్పిన ఒకే ఒక్క నిజం సరిగ్గా అప్పుడే చెప్పాలా. ఇద్దరి అంకెలూ ఒకటే అయినప్పుడు కోటు ఎందుకు పెరిగిందని అంతా గుసగుసలాడుతుంటే, తిండి డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చి, గోడ మీద బద్ద ఉంది కదా, అక్కడ పెట్టి చూడండి అంది. సూదమ్మ టేపును బద్ద మీద ఆనించింది. టేపు మీద నలభై ఉన్న చోట బద్ద మీద ముప్పై ఎనిమిది ఉంది.

ఆవిడ టేపు మొదలు చేతిలోకి తీసుకుంది. ఇత్తడి తొడుగు కింద ఉన్న దారపు ముడిని మొద్దుబారిన బొటనవేలితో తడిమింది. అలాంటి ముడి వీధిలో ఒక్కరే వేస్తారు.

"ఎన్నిసార్లు?"

"రెండు" అన్నాడు మాస్టరు.

"అంటే ఆ బీరువా మీద రాసిందంతా..."

అతను నేల వైపు చూశాడు. ఆవిడ అడగాల్సింది అడగలేదు, ఏడవనూ లేదు. చెప్పులు విడిచి తిన్నగా వెళ్ళి బరువు మిషను ఎక్కింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగాయి. మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరమ్మ పైకి చదివింది.

"ముప్పై తొమ్మిది కిలోల తొమ్మిది వందలు."

సూదమ్మ దిగి మళ్ళీ ఎక్కింది. అంతే ఉంది. మందులు నడుస్తుండగా నాలుగు వందల గ్రాములు పెరగడం ఈ వార్డులో మూడు నెలలకొకటి చూస్తామని డాక్టరమ్మ అంది. నడుం సంగతి అడిగితే నవ్వింది. ఈ మందు వాడేటప్పుడు పొట్ట ఉబ్బుతుంది, దిగుతుంది, నడుం చూసి బరువు లెక్క వేయమని మీకు ఎవరు చెప్పారు అంది. మూడో మందు ఈ రోజే ఎక్కిస్తామని కాగితం మీద సంతకం పెట్టింది.

అప్పుడు సూదమ్మ భర్త వైపు చూసింది.

"రెండంగుళాలు అబద్ధం" అంది. "అర్ధకిలోకి కొంచెం తక్కువ నిజం. పోనీలెండి."

ఆ మాటకు మాస్టరు ఒళ్ళంతా వదులైపోయింది. ఒంటితోపాటు అంచుగుడ్డ ముడి కూడా వదులై పాంటు జారింది. రెండు చేతులా పట్టుకుని, ఇదీ ఆ టేపు పాపమేలెండి అని నవ్వబోయాడు.

"ఆ పాంటు కుట్టి రెండేళ్ళయింది" అంది సూదమ్మ.

డాక్టరమ్మ అతన్ని కూడా మిషను ఎక్కమంది. ఇంట్లోకి మిషను కొన్న రోజు సరదాగా ఎక్కి చూసుకున్నప్పుడు డెబ్బై రెండు. ఇప్పుడు అరవై ఆరు. మందూ లేదు, జబ్బూ లేదు, మూడు వారాల లెక్కలు తప్ప. డాక్టరమ్మ ఇంకో కాగితం తీసుకుని ఆరు పూటలు రాసి, ప్రతిదాంట్లో చెంచాడు వెన్న వేసి, దాన్ని మాస్టరు చేతికి కాకుండా సూదమ్మ చేతికి ఇచ్చింది. మర్నాటి నుంచి ఏడింటికి రెండు గుడ్లు, ఏడున్నరకు రెండు కుర్చీలు. పద్నాలుగు కోట్లూ విప్పే పని, కత్తిరించేటప్పుడు అంత శ్రద్ధగా సరిచూసినందుకు, అక్కగారికి పడింది.

సూదమ్మ కొత్త టేపు కొనుక్కుంది. పాతది పారేయలేదు. చూడ్డానికి టేపులన్నీ ఒకలాగే పసుపుగా ఉంటాయి. వారానికొకసారి ఆడపడుచు నడుం కొలవడానికి మాత్రం పాతదే తీస్తోంది, రెండంగుళాలు ఎక్కువ చూసి ఆవిడ ఇంకా నిమ్మనీళ్ళ మీదే ఉంది.